సిటీ హాల్ మెట్లు, మా నాన్న, ఫైళ్ల బండి

ఈసారి సింగపూర్ వెళ్లినప్పుడు మా చెల్లెలి కూతురు మొదటి రోజే అడిగింది, "పెద్దమ్మా, నువ్వు ఉద్యోగం చేసిన చోటు చూపించవూ?" అని. నేను పనిచేసిన లాయరు ఆఫీసు ఎప్పుడో మూతపడింది. అది ఉన్న అంతస్తులో ఇప్పుడు ఇంకెవరో ఉన్నారు. ఇక చూపించడానికి మిగిలింది సిటీ హాల్ ఒక్కటే. నిజానికి ఆఫీసు కంటే ఆ భవనమే నా కాళ్లకు బాగా తెలుసు.

రైలు స్టేషన్ పేరు ఇప్పటికీ సిటీ హాలే. భవనం మాత్రం 2015 నవంబరు నుంచి నేషనల్ గ్యాలరీ. పక్కనే గుమ్మటం ఉన్న పాత సుప్రీంకోర్టును, దీన్ని గాజు కప్పుతోనూ వంతెనలతోనూ కలిపేసి, సింగపూర్ బొమ్మలకూ ఆగ్నేయాసియా దేశాల బొమ్మలకూ పెద్ద ఇల్లు చేశారు. రెండు భవనాల మధ్య చెట్టు కొమ్మల్లా చీలిన ఇనుప స్తంభాలు ఆ కప్పును మోస్తున్నాయి. పిల్లలు పరుగులు తీస్తున్నారు. ఒకప్పుడు ఇక్కడ గట్టిగా తుమ్మడానికి కూడా జంకేవాళ్లం.

వంతెన దాటి సుప్రీంకోర్టు వైపు వెళ్లాం. అప్పటి కోర్టు గదిని అలాగే ఉంచారు. లోపలికి అడుగు పెట్టగానే పాత చెక్క, దాని మీద ఏళ్ల తరబడి పట్టించిన పాలిష్, ఏసీ చల్లదనం, అన్నీ కలిసిన ఆ వాసన ముక్కుకు తగిలింది. మా అమ్మాయి, అదే మా చెల్లెలి కూతురు, ఫోటోలు తీసుకుంటోంది. నేను గోడ పక్కన ఆనుకుని నిలబడ్డాను. ఎందుకంటే ఆ గదుల్లో నేనెప్పుడూ గోడ పక్కనే నిలబడేదాన్ని, చంకలో ఫైళ్లతో, మా లాయరు వెనక్కి తిరిగి చెయ్యి చాపితే ఏది అందించాలా అని చూస్తూ.

* * *

సిటీ హాల్ కట్టింది కోర్టు కోసం కాదు. 1926లో మొదలుపెట్టి 1929లో పూర్తిచేసిన మునిసిపల్ బిల్డింగ్ అది. ఊరికి నీళ్లు, కరెంటు, గ్యాసు చూసే ఆఫీసు. 1951లో సింగపూర్‌కు నగర హోదా వచ్చాక దానికి సిటీ హాల్ అన్న పేరు వచ్చింది. 1959లో మొదటి ప్రధాని లీ క్వాన్ యూ, ఆయన మంత్రులు ప్రమాణం చేసింది అందులోనే. ఆ తర్వాత చాలా కాలం ప్రభుత్వ కార్యాలయాలు నడిచాయి. పక్కనున్న సుప్రీంకోర్టులో చోటు చాలక 1980ల చివర్లో కొన్ని కోర్టు గదులు ఇందులోకి వచ్చాయి. 2005లో కోర్టులన్నీ వెనకవైపు కట్టిన కొత్త భవనానికి వెళ్లిపోయాయి. ఆ మధ్య కాలంలో నేనక్కడ ఉన్నాను.

పెళ్లయి వచ్చాను. మా ఆయనది కంప్యూటర్ల ఉద్యోగం. పొద్దున వెళ్తే రాత్రికి వచ్చేవారు. నాకు బీకాం ఉంది, తెనాలిలో నేర్చుకున్న టైపు హయ్యర్ ఉంది. కోలమన్ స్ట్రీట్ దగ్గర ఒక చిన్న లాయరు ఆఫీసులో క్లర్కు కావాలంటే వెళ్లాను. "కోర్టు కాగితాలు ఎప్పుడైనా చూశావా?" అని అడిగారు లాయరు. మా నాన్న ప్లీడరు గుమస్తా అని చెప్పాను. ఆయన నవ్వి, సోమవారం రమ్మన్నారు.

హియరింగ్ ముందు రోజు ఆఫీసంతా హడావిడిగా ఉండేది. అఫిడవిట్లు, ఉత్తర ప్రత్యుత్తరాలు, పాత తీర్పుల నకళ్లు, అన్నీ వరసలో పెట్టి కట్టలు కట్టాలి. జడ్జికొకటి, అవతలి పక్షానికొకటి, మాకొకటి, సాక్షి చేతికివ్వడానికొకటి. ఏ కట్ట తెరిచినా ఒకే పేజీలో ఒకే కాగితం ఉండాలి. ఫోటోకాపీ మెషీన్ రాత్రిదాకా ఆగేది కాదు. కాగితాలు వేడివేడిగా బయటికొచ్చేవి, వేళ్లకు నల్లటి పొడి అంటుకునేది.

పేజీ నంబర్లు వేయడానికి ఒక చేతి మిషను ఉండేది. బరువైన ఇనుప స్టాంపు. పైన చెక్క పిడి, కింద చిన్న చిన్న అంకెల చక్రాలు. పిడి మీద అరచేత్తో ఒక దెబ్బ కొడితే నంబరు పడేది, చక్రం దానంతటదే తర్వాతి అంకెకు తిరిగేది. టక్... కర్ర్... టక్... కర్ర్. వందల పేజీలు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే తల ఎత్తకుండా బదులివ్వడం అలవాటైపోయింది. కుడి అరచేతి మధ్యలో గట్టిగా ఒక కాయ కాసింది. రాత్రి అన్నం కలుపుకునేటప్పుడు తెలిసేది.

పొద్దున్నే ఆ కట్టలన్నీ రెండు చక్రాల బండికెక్కించి, సాగే తాళ్లతో కట్టి, రోడ్డు దాటి లాక్కుపోవడం నా పని. ఆ వీధుల్లో తొమ్మిది గంటల వేళ ఎటు చూసినా మాలాంటి వాళ్లే. నల్ల గౌన్లు చేతి మీద వేసుకుని ముందు లాయర్లు, వెనక చక్రాల చప్పుడు చేసుకుంటూ మేము. పేవ్‌మెంటు రాళ్ల మీద ఒక రకం చప్పుడు, సిటీ హాల్ లోపలి నేల మీద ఇంకో రకం. వాన వస్తే ముందు కట్టలకు ప్లాస్టిక్ కప్పేవాళ్లం, ఆ తర్వాతే మా తలలకు. సింగపూర్ వాన సంగతి తెలిసిందే కదా, చెప్పి రాదు, వస్తే గొడుగు నిలవదు.

ఆ చప్పుడు ఇప్పుడు లేదు. 1997లో కంప్యూటర్ ద్వారా కాగితాలు దాఖలు చేసే పద్ధతి ప్రయోగంగా మొదలై, కొద్ది కాలంలోనే తప్పనిసరైంది. కాగితం కట్ట పట్టుకుని కౌంటర్ దగ్గర వరసలో నిలబడటం, లోపలాయన ఒక్కో పేజీ తిప్పి చూస్తుంటే ఊపిరి బిగబట్టడం, ముద్ర పడిన చప్పుడు వినగానే వదలడం, ఇవన్నీ పోయాయి. పనికి ఆ పద్ధతే మంచిది, కాదనను. కానీ ఆ వరసల్లోనే మాకు స్నేహాలు కుదిరాయి.

* * *

ఆ వరసలోనే పరిచయమయ్యారు అణ్ణన్. వేరే ఆఫీసులో సీనియర్ క్లర్కు. తమిళాయన, పుట్టింది సింగపూర్‌లోనే, తండ్రి తంజావూరు వైపు నుంచి హార్బర్ పనికి వచ్చిన మనిషి. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు, చెవి వెనక ఒక పెన్సిలు. ఏ రిజిస్ట్రారుకు కాగితం ఎలా మడిస్తే నచ్చుతుందో, ఏ జడ్జి ముందు ట్యాబులు కుడివైపు ఉండాలో, అన్నీ ఆయనకు తెలుసు. నన్ను "అమ్మా" అనేవారు. నాకు తమిళం వచ్చిందంటే ఆయన పుణ్యమే. ముందు తిట్లు నేర్పనన్నారు, అవి అవే వస్తాయట.

మధ్యాహ్నం మేం కొందరం కలిసి తినేవాళ్లం. నా డబ్బాలో పప్పూ, గోంగూర. అణ్ణన్ ఇంటి నుంచి పులుసన్నం. ఒక చైనా ఆవిడ వేరే ఆఫీసు రిసెప్షనిస్టు, మా అందరి డబ్బాల్లోనూ చెయ్యి పెట్టేది. గోంగూర తిని కళ్లు మూసుకుని తల ఊపేది. తర్వాత కోపీ-ఓ, అంటే పాలు లేని చిక్కటి కాఫీ. ఎంత ఎండగా ఉన్నా వేడిదే.

అన్నం అయ్యాక కాసేపు టైముంటే సెయింట్ ఆండ్రూస్ చర్చి ఆవరణలో చెట్ల కింద కూర్చునేవాళ్లం. ఆ తెల్లటి చర్చి గోడల సంగతి నాకు అణ్ణనే చెప్పారు. భారతదేశం నుంచి శిక్ష పడి వచ్చిన ఖైదీలు కట్టారట. గోడలకు పట్టించింది మద్రాసు సున్నం. గవ్వల సున్నం, కోడిగుడ్ల తెల్లసొన, పంచదార కలిపి, కొబ్బరి పీచు నానబెట్టిన నీళ్లతో మెత్తగా చేసి, రాళ్లతో రుద్ది రుద్ది మెరిపించారు. సింగపూర్ 1873 దాకా మన ఖైదీలను పంపే చోటు. ఆ ఊళ్లో మొదటి పెద్ద కట్టడాల వెనక మన చెన్నపట్నం, బెంగాలు వైపు మనుషుల చేతులున్నాయి. వాళ్ల పేర్లు ఏ ఫలకం మీదా లేవు.

* * *

మా నాన్న తెనాలిలో ప్లీడరు గుమస్తా. పొద్దున్నే పంచె, పైన ఇస్త్రీ చొక్కా, భుజాన సంచి. సంచిలో వకాలత్తు ఫారాలు, కోర్టు ఫీజు స్టాంపులు, పురికొస ఉండ, దబ్బనం. కాగితాలకు దబ్బనంతో కన్నం పొడిచి, పురికొస దూర్చి, ముడి వేసి, కొస పళ్లతో తెంపేవాడు. మా ఇంట్లో ఏ కాగితం పోయినా ఆ ముడిలోనే దొరికేది. పార్టీలు పల్లెటూళ్ల నుంచి వచ్చి మా అరుగు మీదే పడుకునేవాళ్లు. తెల్లారి అమ్మ వాళ్లకు కూడా ఉప్మా చేసేది. వాయిదా పడితే మళ్లీ వచ్చేవాళ్లు, మళ్లీ ఉప్మా. కొందరి పిల్లలు మా కళ్లముందే పెద్దవాళ్లయ్యారు, దావా మాత్రం తేలలేదు.

నేను సింగపూర్‌లో కోర్టు పనిలో చేరానని రాస్తే నాన్న ఉత్తరంలో అడిగిన మొదటి ప్రశ్న, "అక్కడ వాయిదాలు ఎన్ని?" అప్పట్లో యోంగ్ పంగ్ హౌ ప్రధాన న్యాయమూర్తి. 1990లో ఆయన వచ్చాక పేరుకుపోయిన పాత కేసులను పట్టుబట్టి తేల్చారు. తేదీ ఇచ్చారంటే ఆ రోజు విచారణ జరగాల్సిందే. ఈ మాట రాస్తే నాన్న నమ్మలేదు. కళ్లతో చూస్తేనే నమ్ముతానన్నాడు.

చూడటానికి వచ్చాడు కూడా. మొదటిసారి విమానం ఎక్కడం. అమ్మ అప్పటికే లేదు. చంగి విమానాశ్రయం నుంచి ఇంటికి వచ్చేదాకా కిటికీ లోంచి చూస్తూనే ఉన్నాడు, ఒక్క ముక్క మాట్లాడలేదు. మర్నాడు పొద్దున ఆరింటికే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, "పద, కోర్టుకు" అన్నాడు.

సిటీ హాల్ ముందు నిలబెట్టాను. మూడంతస్తుల ఎత్తు స్తంభాలు వరసగా పద్దెనిమిది. నాన్న వేలుతో చూపిస్తూ ఒకటొకటే లెక్కపెట్టాడు. తర్వాత వెనక్కి తిరిగి, రోడ్డుకు అవతల ఉన్న పెద్ద పచ్చిక మైదానం వైపు చూశాడు. అదేమిటని అడిగాడు. "పడాంగ్ అంటారు నాన్నా. నేతాజీ ఇక్కడే..." అన్నాను. నా మాట పూర్తి కాలేదు.

మా తెనాలిలో బోసు రోడ్డు మీదుగా నాన్న రోజూ కోర్టుకు వెళ్లేవాడు. 1942లో క్విట్ ఇండియా రోజుల్లో తెనాలిలో కాల్పులు జరిగి ఏడుగురు చనిపోయారు. ఆ చోటే రణరంగ చౌక్. నాన్న అప్పుడు పిల్లాడు, పెద్దవాళ్లు తలుపులేసి లోపల కూర్చోబెట్టారట. బోసు పేరు ఎత్తితే ఆయన గొంతు మారిపోయేది. 1943 జూలై 5న సుభాష్ చంద్రబోస్ ఇదే భవనం ముందు, ఈ మైదానంలో ఆజాద్ హింద్ ఫౌజు (ఐఎన్‌ఏ) వందనం స్వీకరించి "చలో ఢిల్లీ" అని పిలుపునిచ్చాడని చెప్పాను. రెండేళ్లు తిరిగేసరికి, 1945 సెప్టెంబరు 12న, ఇదే భవనంలో జపాన్ వాళ్లు మౌంట్‌బాటెన్ ముందు లొంగుబాటు పత్రం మీద సంతకం చేశారు.

"ఎక్కడ నిలబడ్డాడు?" అన్నాడు నాన్న.

అది నాకేం తెలుసు! అణ్ణన్‌ను పిలిచాను. మధ్యాహ్నం ఆయన తీరిక చేసుకుని వచ్చారు. మా నాన్నకు తమిళం రాదు, ఆయనకు తెలుగు రాదు. ఇద్దరిదీ కోర్టు ఇంగ్లీషు. అణ్ణన్ మైదానం వైపు చెయ్యి చూపించి, "మా నాయన ఆ గుంపులో ఉన్నాడు. హార్బర్‌లో పని మానేసి వచ్చాడు. చివరిదాకా నిలబడ్డాడు" అన్నారు. నాన్న ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి రోడ్డు దాటి ఎస్ప్లనేడ్ పార్కు వైపు నడిచారు, నేను వెనక. ఐఎన్‌ఏ వీరుల స్మారకానికి బోస్ 1945 జూలైలో శంకుస్థాపన చేశాడు. బ్రిటిష్ వాళ్లు తిరిగి రాగానే దాన్ని కూల్చేశారు. 1995లో ఆ చోట గుర్తుగా ఒక ఫలకం పెట్టారు. నాన్న కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని ఆ ఫలకం మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివాడు. దావా కాగితం చదివినట్టే, పెదవులు కదుపుతూ.

తర్వాత బెంచీ మీద కూర్చుని ఇద్దరూ వృత్తి మాటల్లో పడ్డారు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. అణ్ణన్ ఎవరి గురించో చెప్తూ "ఫోర్ ట్వంటీ కేసు" అన్నారు. నాన్న ఆగిపోయాడు. "మీకు కూడా 420 మోసమేనా?" మోసమే. "302?" హత్య. నాన్న ఒక్కో సెక్షను నంబరు చెప్పడం, అణ్ణన్ నేరం పేరు చెప్పడం. తర్వాత అణ్ణన్ నేరం చెబితే నాన్న నంబరు. 1860లో మన దేశానికి రాసిన పీనల్ కోడే సింగపూర్‌కూ వెళ్లింది, 1872 నుంచి అక్కడా అమల్లో ఉంది. అది తెలిసి నాన్నకు పట్టరానంత సంతోషం. రాత్రి అన్నం తింటూ కూడా, "అమ్మాయ్, సముద్రం దాటినా 420 చారుసోబీసేనన్న మాట!" అని నవ్వాడు.

నాన్న పోయి చాలా కాలమైంది. మన దగ్గర 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. మోసానికి ఇప్పుడు 318, హత్యకు 103. సింగపూర్‌లో మాత్రం ఇంకా 420, 302లే. తెనాలి గుమస్తా నోటికి వచ్చిన నంబర్లు తెనాలిలో చెల్లవు, పడాంగ్ ఒడ్డున చెల్లుతాయి. ఆయన ఉంటే ఈ మాట చెప్పాలని ఎంతగా అనిపించిందో.

* * *

ఇంకొకతను గుర్తొస్తాడు. శ్రీకాకుళం వైపు కుర్రాడు, కట్టడాల పనికి వచ్చినవాడు. పైనుంచి పడి చెయ్యి విరిగింది. పరిహారం సంగతి మాట్లాడటానికి మా ఆఫీసుకు వచ్చాడు. వాళ్ల సైటులో అందరూ తమిళంలో మాట్లాడతారు, ఇతనికి అంతగా రాదు. కాగితంలో ఏముందో ఎవరూ విడమరచి చెప్పలేదు. నేను తెలుగులో "కూర్చో తమ్ముడూ" అనగానే కుర్చీలో కూర్చుని ఏడ్చేశాడు. ఆ రోజు మా లాయరు మాటలు అతనికి, అతని మాటలు ఆయనకు నేనే చెప్పాను. నొప్పి ఎక్కడ, ఎలాంటి నొప్పి, అంటే "గుంజుతాందక్కా" అన్నాడు. దాన్ని ఇంగ్లీషులో పెట్టడానికి నేను పడ్డ అవస్థ నాకే తెలుసు.

కేసు విచారణదాకా రాలేదు, రాజీ కుదిరింది. ఊరికి వెళ్లేముందు వచ్చి, "అక్కా, ఆ పెద్ద కోర్టు మెట్ల మీద నన్నొక ఫోటో తియ్యవా, మా అమ్మకు చూపిస్తాను" అన్నాడు. పైమెట్టు మీద కట్టు కట్టిన చేత్తో నిటారుగా నిలబడ్డాడు. 1959లో యూసఫ్ ఇషాక్ దేశాధిపతిగా పదవి స్వీకరించినప్పుడు కొత్త జెండా ఎగిరింది ఆ మెట్ల దగ్గరే. స్వతంత్రం వచ్చాక 1966లో మొదటి జాతీయ దినోత్సవ కవాతు జరిగింది ఆ మెట్ల ఎదుటే. వాటి ఫోటోలు గ్యాలరీలో, పుస్తకాల్లో ఉన్నాయి. ఈ కుర్రాడి ఫోటో మాత్రం ఎక్కడో ఒక ఇంటి గోడ మీద ఉండి ఉంటుంది.

* * *

ఇప్పటి సంగతికి వస్తాను. మా అమ్మాయికి చరిత్ర కంటే బొమ్మలంటే ఇష్టం. నన్ను చెయ్యి పట్టుకుని తిప్పింది. కింద అప్పట్లో ముద్దాయిలను ఉంచే గదులు రెండు అలాగే ఉంచారు. ఇరుకు గోడలు, ఊచలు, మూలన మరుగుదొడ్డి. అక్కడి నుంచి మెట్లు నేరుగా పై కోర్టు గదిలోని బోనులోకి. మాది సివిలు పని కాబట్టి ఆ గదులు నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ చూడలేదు. ఇప్పుడు ఆ ఊచల ముందు జనం నిలబడి నవ్వుతూ ఫోటోలు తీసుకుంటున్నారు. నాకు నచ్చలేదు. ఆ మెట్లెక్కి ఉరిశిక్ష విన్నవాళ్లు కూడా ఉంటారు కదా. గదులను తెరవడం మంచిదే, అక్కడ కాస్త గొంతు తగ్గించమని ఒక బోర్డు పెడితే బాగుండును.

న్యాయ గ్రంథాలుండే గుండ్రటి గ్రంథాలయం ఇప్పుడు కళల గ్రంథాలయం. సుప్రీంకోర్టు పునాదిరాయి కింద 1937లో ఒక పెట్టెను పాతిపెట్టారు. అందులో అప్పటి వార్తాపత్రికలు, నాణేలు ఉన్నాయి, 3000 సంవత్సరం దాకా తెరవకూడదు. మా అమ్మాయి ఆ రాయి దగ్గర చాలాసేపు ఆగింది.

సిటీ హాల్ వైపు ఒక గదిలో చువా మియా టీ 1959లో వేసిన "నేషనల్ లాంగ్వేజ్ క్లాస్" ఉంది. గుండ్రటి బల్ల చుట్టూ యువతీ యువకులు కూర్చుని మలయ్ భాష నేర్చుకుంటున్నారు. నల్లబల్ల మీద రెండు ప్రశ్నలు, నీ పేరేమిటి, ఎక్కడుంటావు అని. ఆ మొహాల్లో పగలంతా పని చేసి వచ్చిన అలసట ఉంది, అయినా కళ్లు బల్ల మీదే ఉన్నాయి. అక్కడ బెంచీ ఉంటే కూర్చుండిపోయాను. ఇంకో గదిలో కోయె సియా యోంగ్ 1965లో వేసిన బొమ్మ, తనిఖీ వాళ్లు వస్తున్నారని తెలిసి వీధి వ్యాపారులు సామాన్లు ఎత్తుకుని పరుగెత్తడం. గంపలు, కావడి, కంగారు. బొమ్మల సంగతి నాకు తెలియదు గానీ, మనుషులు బరువు మోసేటప్పుడు నడుం ఎలా వంగుతుందో తెలుసు. ఆయనకూ తెలుసు.

ఈ భవనంలో గొప్పవాళ్ల సంతకాలకు చోటుంది, పని చేసే జనానికి బొమ్మల్లో చోటుంది. కానీ ఇదే భవనంలో పని చేసిన మేమెక్కడ? పేజీ నంబర్లు కొట్టినవాళ్లు, సాక్షుల మాటలు నాలుగు భాషల్లోకి మార్చి చెప్పిన దుబాసీలు, రాత్రిళ్లు ఆ నేల తుడిచిన ఆడవాళ్లు? అందుకే ఇదంతా రాస్తున్నాను. గోడ మీద మాకూ ఒక వరస ఉండాలని నా కోరిక.

ఆ రాత్రి మా అమ్మాయి ఫోనులో వెతికి వెతికి అణ్ణన్ కూతుర్ని పట్టుకుంది. ఆయన ఉన్నారు. తొంభైకి దగ్గరపడ్డారు, తో పాయో వైపు ఫ్లాటులో కూతురి దగ్గరే. కోర్టులు వెళ్లిపోయాక ఒక్కసారి కూడా ఆ భవనంలోకి వెళ్లలేదట. "బొమ్మలు చూడటానికి నేనేంటమ్మా" అన్నారు. బొమ్మలు కాదు, గదులు చూద్దాం అన్నాను.

శనివారం చక్రాల కుర్చీలో తీసుకొచ్చాం. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. చెవి వెనక పెన్సిలు మాత్రం లేదు. మొదట్లో మౌనంగా చుట్టూ చూశారు. గోడలు జరిపారు, కొత్త తలుపులు పెట్టారు, ఆయనకు దారి అందలేదు. ఒక కిటికీ దగ్గరికి వచ్చేసరికి కుర్చీ ఆపమన్నారు. కిటికీలోంచి పడాంగ్, దానికి ఒక చివర క్రికెట్ క్లబ్బు కనిపిస్తున్నాయి. ఆ చూపుతో దిక్కు తెలిసింది. ఇక ఆగలేదు. ఇక్కడ బెంచీ ఉండేది, ఇక్కడ ఫలానా లాయరు స్పృహ తప్పి పడ్డాడు, ఈ గది ముందు ఒక పెద్దావిడ ఇంటి కేసు గెలిచి అందరికీ నారింజ పళ్లు పంచింది, ఆ మూల నువ్వు కట్ట విప్పి నంబర్లు సరిచూసుకునేదానివి. అటుగా వెళ్తున్న గ్యాలరీ వాలంటీరు ఒకమ్మాయి ఆగి వింది. కాసేపటికి ఆమె ఇంకో ఇద్దర్ని పిలుచుకొచ్చింది. అణ్ణన్ ఇంగ్లీషులోకి మారి, మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టారు.

మధ్యలో నన్ను చూపించి, "దీని నాన్న ఇండియాలో కోర్టు క్లర్కు. అన్ని సెక్షన్లూ నోటికి వచ్చు. నేను 415 అడిగితే కూడా చెప్పాడు" అన్నారు. నాకే గుర్తులేని మాట అది. మా అమ్మాయి వెంటనే ఫోనులో రికార్డింగ్ నొక్కింది. గంట దాటింది. భోజనం వేళ మించిపోతోందని ఆయన కూతురు తొందరపెడుతోంది. "ఇంకా పై అంతస్తు ఉంది" అన్నారు అణ్ణన్. లిఫ్టు వైపు తిరిగాం.